వెనకవైపు పాల లెక్క

నేను చిత్రకారుణ్ణని ఎవరితోనూ అనను. చిత్రకారుడికి కావలసిన సామాను మాత్రం నా దగ్గరుంది. ఆ మాటకొస్తే ముగ్గురు చిత్రకారులకి సరిపడా ఉంది. పోస్టర్ కలర్ సీసాలు, వాటర్ కలర్ ట్యూబులు, ఆయిల్ పేస్టల్స్, ఒకే ఒక్కసారి మూత తీసిన ఇండియన్ ఇంకు, హెచ్‌బీ నుంచి ఎయిట్ బీ దాకా పెన్సిళ్లు, ఉడుత వెంట్రుకల కుంచెలు, పంది వెంట్రుకల కుంచెలు (ఇవి పూజగది గోడకి ఆనుకున్న అలమారులో ఉండకూడదని మా అత్తగారి ఉత్తర్వు), వీటన్నిటికీ తోడు మడిచి పెట్టుకునే ఈజిలు ఒకటి. ఆ ఈజిలు మీద ప్రస్తుతం మా ఆవిడ తడి తువ్వాళ్లు ఆరేస్తోంది. విజయనగరం మొత్తం మీద ఎండ తగిలే చోటు అదొక్కటేనన్నంత ధీమాగా ఆరేస్తుంది.

బొమ్మలంటే ఆసక్తి సన్నగిల్లినప్పుడల్లా నేను చేసే పని ఒక్కటే. చొక్కా తొడుక్కుని బజారుకెళ్లి ఏదో ఒకటి కొనుక్కొస్తాను. కొత్త కుంచె చేతికొచ్చిన సాయంత్రం నా అంతటివాడు ఉత్తరాంధ్రలో ఉండడు. దాన్ని నీళ్లలో ముంచి, మొన తేల్చి, వెలుతురుకి పట్టి చూసుకుని, తుడిచి, దానితో వచ్చిన ప్లాస్టిక్ గొట్టం మళ్లీ తొడిగి పెట్టేస్తాను. ఆ గొట్టం తొడిగేటప్పుడే రెండు వెంట్రుకలు వెనక్కి మడతపడతాయి. అంటే కాగితాన్ని తాకకుండానే కుంచె పాడైపోతుందన్నమాట. ఈ విద్యలో నాకు చాలా అనుభవం ఉంది.

కొనడం వల్ల ఉత్సాహం వస్తుంది, కాదనను. కాకపోతే ఆ ఉత్సాహం మళ్లీ కొనడానికే పనికొస్తుంది.

రిటైరవక ముందు నాకో సాకుండేది. ఉద్యోగం. సర్కారు కొలువులో ఫైళ్ల మీద నోట్లు రాసి రాసి వేళ్లు మొద్దుబారిపోయాయనీ, ఇంటికొచ్చేసరికి ఓపిక ఉండదనీ అందరికీ చెప్పేవాణ్ణి. రిటైరయ్యాక సాకు పోయింది, బద్ధకం మిగిలింది. అప్పుడు మహానుభావుల మీద పడ్డాను. లేటు వయసులో కుంచె పట్టినవాళ్లు లోకంలో ఎవరెవరున్నారా అని వెతికి, భోజనాల దగ్గర మా ఆవిడకి వినిపించడం మొదలెట్టాను.

మొదట రవీంద్రుణ్ణి తెచ్చాను. అరవై దాటాక ఆయన బొమ్మల్లో పడ్డాడు. కవిత్వం రాసుకుంటూ కొట్టేసిన మాటల్ని కలిపి గీసి, వాటికి ముక్కులూ తోకలూ పెట్టి జంతువుల్ని చేసేవాడు. అలా మొదలై, డెబ్బైకి చేరువలో, 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టేదాకా వెళ్లాడు.

"ఆయనకి అప్పటికే నోబెల్ వచ్చీసింది కదండీ," అంది మా ఆవిడ చారు పోస్తూ. "బొమ్మలు బాగులేకపోయినా ఎవరూ ఏటీ అనరు."

నిజానికి కొట్టివేతలకి కొమ్ములు పెట్టడంలో నాకూ పాత అనుభవమే. ఆఫీసు నోట్‌ఫైల్లో ఒకసారి తప్పు పడిన పేరా మొత్తం కొట్టేసి, ఆ గీతల్లోంచి ఒక మొసలిని లాగాను. రవీంద్రుణ్ణి పారిస్ పిలిచింది. నన్ను పై అధికారి పిలిచారు.

తరవాత చర్చిల్‌ని తెచ్చాను. 1915లో డార్డనెల్స్ దండయాత్ర బెడిసికొట్టి నౌకాశాఖ పదవి ఊడాక, నలభయ్యో ఏట మనశ్శాంతి కోసం రంగులు పట్టుకున్నాడాయన. బతికినన్నాళ్లూ వదల్లేదు.

"పదవి పోయాక పట్టుకున్నాడు. మీకు పెన్షనొస్తంది. ఆ బెంగేటి మీకు?" అంది.

చివరికి అమెరికా ముసలమ్మని కూడా తెచ్చాను. గ్రాండ్‌మా మోజెస్ అని, పొలం పనుల్లో జీవితమంతా గడిపి, కీళ్లనొప్పులతో సూది పట్టుకోలేక కుట్టుపని మానేసి, డెబ్బై దాటాక కుంచె పట్టింది. నూట ఒక్కేళ్లు బతికింది. ఆ ముసలమ్మ పేరు నేను తియ్యకుండా ఉండాల్సింది. "చూసారా మరి, అప్పటిదాకా ఆవిడ పొలం పనీ ఇంటిపనీ అంతా చేసీసింది. ముందది చెయ్యండి" అని చీపురు చేతికిచ్చింది. మహానుభావుల ప్రస్తావన మా ఇంట్లో ఆనాటితో ముగిసింది.

ఇంత దూరం పోవడం ఎందుకు, మా ఊరాయన లేడా అని కూడా అనుకున్నాను. నేను పుట్టింది శ్రీకాకుళంలో. చిత్రకారుడు వడ్డాది పాపయ్య పుట్టిందీ అక్కడే, 1921లో. నాన్నగారు డ్రాయింగు మేష్టారు. కుర్రాడు ఐదేళ్లకే రవివర్మ పటం చూసి ఆంజనేయుణ్ణి గీసేశాడంటారు. తానూ అనకాపల్లిలో డ్రాయింగు మేష్టరీ చేసి, కశింకోటలో కాపురముండి, వ.పా. అన్న రెండక్షరాల కింద తెలుగువాళ్ల కళ్లకి కొన్ని తరాలపాటు పండగ చేసి, 1992లో వెళ్లిపోయాడు. నా చిన్నప్పుడు ఆయన వేసిన చందమామ అట్టలూ, 'యువ' పత్రిక బొమ్మలూ చింపి దాచుకోని ఇల్లు మా వీధిలో లేదు. మా అమ్మ వాటిని గోడకి అంటించేది. మైదాపిండి జిగురుకి చీమలు పట్టి రంభ మొహం సగం తినేశాయి. మిగతా సగం చూస్తూ పెరిగాను నేను.

ఇదంతా విని కొందరు "అయితే ఆ నీళ్లలోనే ఉందన్నమాట" అంటారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను. ఆ నాగావళి నీళ్లే నేనూ తాగాను. మా చుట్టాల్లో బోలెడంతమంది తాగారు. ఎవరికీ ఏమీ కాలేదు.

వ.పా. ఆడవాళ్ల కళ్లుంటాయి, సోగగా, సగం మూసి, లోపల ఏదో పాట నడుస్తున్నట్టు. ఆ కన్నొక్కటి వస్తే చాలనుకుని కూర్చుని నకలు తీశాను. మొదటి కన్ను కాస్త దారికొచ్చింది. రెండోది దానికి జత కుదరదు. జత కుదిరేదాకా దిద్దితే మొదటిది పాడయ్యేది. అలా దిద్ది దిద్ది కాగితానికి చిల్లు పడ్డాక నాకొక సంగతి బోధపడింది. రెప్ప మందం నేను ఒక గీతతో కానిచ్చేస్తున్నాను. ఆయన దానికి నీడ పెట్టాడు. కనుగుడ్డు గుండ్రమనీ, దానిమీద కప్పిన చర్మానికి ఒక దళసరి ఉందనీ, పైరెప్ప నీడ తెల్లగుడ్డు మీద పడుతుందనీ ఆయనకి తెలుసు. నాకు కన్నంటే చేప బొమ్మలో చుక్క. అంతవరకూ నేను కళ్లని చూడలేదన్నమాట, ఇన్నేళ్లు మొహాల్లోకి చూస్తూ కూడా.

ఈ జ్ఞానం కలిగాక ఎవరైనా ఊరుకుంటారా? నేను మా అత్తగారి బొమ్మ వేశాను.

ఆవిడది బొబ్బిలి. సంక్రాంతికి వచ్చి నెలరోజులుంటారు. పడక్కుర్చీలో కునుకు తీస్తుండగా రహస్యంగా గీశాను. రెప్పలకి నీడలు బాగా పెట్టాను. ఉత్సాహం ఎక్కువై ముక్కుకీ పెట్టాను, పై పెదవి మీదా పెట్టాను. ఆవిడ లేచి కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, కూతురి వైపు తిరిగి "ఎవరే ఈయన?" అన్నారు. తరవాత విషయం తెలిసి నొచ్చుకున్నారు గానీ, పెద్దమనిషి కనక ఒక్క మాటతో సరిపెట్టారు. "మా ఊరి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధివారు ఒక్క పనస దుంగలోంచి వీణంతా తీసీస్తారు. మీరిన్ని రంగుల్లోంచి నా ముక్కొక్కటి తియ్యలేకపోయారేటి బాబూ?"

బొమ్మలు బహుమతులుగా ఇచ్చిన రోజులూ ఉన్నాయి. దగ్గర చుట్టాల్లో గృహప్రవేశం ఉందంటే వాళ్లకి గుబులు పుట్టేదని ఆలస్యంగా తెలిసింది. ఒకరింట్లో నేనిచ్చిన భీమిలి సముద్రం ఇన్వర్టరు వెనక గోడవైపు తిరిగి కనిపించింది. "ఎండ తగిలితే రంగు పోతాది కదా అన్నయ్యా, అందుకని" అంది ఆ ఇల్లాలు, బహు చక్కగా. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో బొమ్మ పెట్టగానే మొట్టమొదట బొటనవేలెత్తేది మా బావమరిది. ఎంత సంతోషించేవాణ్ణో. తరవాత గమనిస్తే ఎవరో పోయారన్న కబురుకీ ఆయన అదే వేలెత్తాడు. మెచ్చుకోలు మీద ఆధారపడి బొమ్మలు వెయ్యాలనుకునేవాళ్లు ముందుగా మా బావమరిదిని పరిచయం చేసుకోవడం మంచిది.

ఇక కాగితం సంగతి చెప్పాలి. అసలు కథ అక్కడే ఉంది.

హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి నా పుట్టినరోజుకి కట్టడు కాగితాలు పంపింది. మూడువందల జీఎస్‌ఎం, వంద శాతం పత్తి, అంచులు కత్తిరించకుండా పీచుపీచుగా వదిలేసినవి. ఒక్కో కాగితం ఖరీదుకి మా ఆవిడ రైతుబజారులో రెండ్రోజుల కూరలు తెస్తుంది. "నాన్నా, ఇంక నీకు అడ్డేం లేదు. వేసెయ్" అని ఫోను. ఆ కాగితాన్ని ముట్టుకుంటే మెత్తగా, గట్టిగా, మర్యాదగా ఉంది. దానిమీద పెన్సిలు పెట్టడానికి నాకు చెయ్యాడలేదు. దీనికి తగ్గ బొమ్మ తట్టనీ అనుకున్నాను. ముందు మామూలు కాగితం మీద సాధన చేసి, చెయ్యి కుదిరాక దీని జోలికి వెళదామనుకున్నాను. చెయ్యి కుదరలేదు. కాగితాలు అలమారులో, పాత పట్టుచీరల పక్కన, కలరా ఉండల వాసన పీలుస్తూ ఉండిపోయాయి.

మన ప్రాంతం గాలి అలా దాచుకునేవాళ్ల కోసం ఆగదు. నీటిరంగుల కాగితం నీళ్లని ఒక్కసారిగా తాగెయ్యకుండా తయారుచేసేటప్పుడే దానికి జిగురు పట్టిస్తారు. రంగు కాసేపు పైన నిలబడి పారడం, ఆరాక మెరవడం అంతా ఆ జిగురు చలవే. సముద్రపు గాలి చెమ్మకి, అందులోనూ ఆశ్వయుజ కార్తీకాల తుపాన్ల చెమ్మకి, ఆ జిగురుకి బూజు పడుతుంది, లేదా సత్తువ పోతుంది. పైకి కాగితం తెల్లగానే కనిపిస్తుంది. రంగు వేస్తే మాత్రం అక్కడక్కడ చటుక్కున పీల్చేసి మచ్చలు తేలుతుంది. నా దగ్గరున్న కట్టలో పై కాగితాలు రెండు అలా పోయాయని చాలాకాలానికి తెలిసింది. అందుచేత మన జిల్లాల్లో మంచి కాగితం కొనేవాడు గాలి చొరని సంచీలో అయినా పెట్టాలి, వెంటనే అయినా వాడెయ్యాలి. రెండోదే చవక.

సరే, ఆ కట్ట అలా ఉండగా ఒకరోజు పొద్దున్న పాలవాడొచ్చాడు. నెలాఖరు. లెక్క రాసే నోటుపుస్తకం కనిపించలేదు. మా ఆవిడ అలమారులో చెయ్యి పెట్టి చేతికందిన కాగితం లాగి, గోడకి ఆనించి, బాల్‌పెన్నుతో రాసేసింది. తేదీలు, అరలీటర్లు, నాగాలు, కింద మొత్తం, మొత్తం కింద రెండు గీతలు. నేను స్నానం చేసి వచ్చి చూస్తే పత్తి కాగితం మీద పాల లెక్క.

"ఏమిటిది?" అన్నాను. గొంతు పూర్తిగా రాలేదు.

"అదేటండీ, అట్ట కాదేటి? దళసరిగా ఉంది, చిరగదని రాసీసాను."

చర్చిల్ సంగతి సగమే చెప్పాను ఇందాక. ఆయన రంగులు కొనుక్కొచ్చిన మొదట్లో తెల్ల కేన్వాసు ముందు నిలబడి భయపడిపోయాడట. ఎంతోసేపటికి చిక్కుడుగింజంత నీలిరంగు చుక్క పెట్టి ఆగిపోయాడు. అంతలో కారులోంచి ఒకావిడ దిగింది. చిత్రకారుడు లేవరీగారి భార్య, తానూ చిత్రకారిణే. పెద్ద కుంచె ఇలా ఇమ్మని లాక్కుని, రంగులో ముంచి, ఆ కేన్వాసు మీద అడ్డదిడ్డంగా బాదేసింది. కేన్వాసు తిరిగి కొట్టలేదని చూసి ఆయన భయం వదిలేశాడు. ఈ ముచ్చట ఆయనే రాసుకున్నాడు.

నాకు లేవరీ భార్య దొరకలేదు గానీ నా భార్య ఉంది. ఆ లెక్క రాసిన కాగితం ఎలాగూ పోయింది కదా అని, వెనక్కి తిప్పి, కిటికీలోంచి కనిపించే మునగచెట్టు గీశాను. పోతే పోయిందనుకుని గీసిన గీతకి వణుకు లేదు. రంగు కూడా సీసాలోంచి దండిగా తీశాను. ఆకులు ఆకుల్లా రాలేదు సరే, చెట్టు నిలబడింది, దానిమీద గాలి ఉంది. నేను ఇంతవరకూ వేసిన వాటిలో వేలాడదీసి చూడదగ్గది అదే మొదటిది. అలాగని మా ఆవిడకి చెప్పలేదు. చెబితే ఆ లోకువ జన్మంతా భరించాలి. మరుసటి నెలాఖరున మాత్రం నోటుపుస్తకం నేనే ఎక్కడో పెట్టేశాను.

ఆ తరవాత ఇస్త్రీవాడి లెక్క వెనక, చీటీపాట కాగితాల వెనక, పెళ్లి శుభలేఖల వెనక గీశాను. శుభలేఖలు చాలా శ్రేష్ఠం. ఈమధ్య జనం దళసరి అట్టల మీద వేయిస్తున్నారు. మాఘమాసం వచ్చిందంటే నాకు ఏడాదికి సరిపడా సరుకు ఉచితం.

భయం పోయినంత మాత్రాన బొమ్మ రాదన్న సంగతి గంటస్తంభం దగ్గర తెలిసింది. మా విజయనగరంవాడెవడికైనా బొమ్మ వెయ్యాలనిపిస్తే ముందు గంటస్తంభం మీదే పడతాడు. ఎర్రగా, మీగడరంగు అంచులతో, బజారు నడిబొడ్డున నిలబడి ఉంటుంది. కదలదు, కునుకు తియ్యదు, మీసాలు పెట్టినా నొచ్చుకోదు. చిక్కల్లా ఒకటే, దానికి ఎనిమిది పలకలు. పక్క టీకొట్టు బల్ల మీద కూర్చుని ఉత్సాహంగా మొదలెట్టి, ఎదురుగా కనిపించే పలకలు మూడూ సమానంగా గీశాను. స్తంభం బీరువా అయిపోయింది.

టీకొట్టాయన గ్లాసు పట్టుకొచ్చి వెనకనుంచి తొంగిచూశాడు. "బావూ, రెక్కలు తెరిసీసినారేటి దానికి?"

ఆ మాట ఏ డ్రాయింగు పుస్తకమూ నాకు అంత బాగా చెప్పలేదు. ఎనిమిది పలకల కట్టడానికి సరిగ్గా ఎదురుగా నిలబడితే మధ్య పలక ఒక్కటే నిండా కనిపిస్తుంది. పక్క రెండూ వెనక్కి తిరిగిపోతాయి కనక వెడల్పు పదికి ఏడు వంతులే కనిపిస్తాయి. మూలకి ఎదురుగా నిలబడితే నాలుగు పలకలు కనిపిస్తాయి. నడిమి రెండూ ఇంచుమించు నిండుగా, చివరి రెండూ బాగా సన్నగా, పదికి నాలుగు వంతులైనా రావు. ఇది తెలిశాక పేపరుకి మరో పక్క గీశాను. ఈసారి స్తంభం గుండ్రంగా తిరిగింది. పై గడియారం మాత్రం పక్కకి వాలింది. "టైము తప్పు సూపిత్తంది" అన్నాడు టీకొట్టాయన. "అసలుదీ ఒక్కోసారి అంతేలెండి" అని ఓదార్చాడు కూడా.

అప్పట్నించి వారానికోసారి అదే బల్ల, అదే స్తంభం. వేరే ఏదైనా వెయ్యచ్చు కదా అని అడుగుతారు. ఒక్కటే వస్తువుని మళ్లీ మళ్లీ వెయ్యడంలో ఉన్న లాభం ఏమిటంటే, బొమ్మ పాడైతే తప్పు స్తంభం మీదకి తొయ్యడానికి వీలుండదు. అది మారలేదు. పోయినసారి ఏది రాలేదో ఈసారి అది కనిపిస్తుంది. కొత్తకొత్త దృశ్యాల వెంట పరిగెత్తే నాబోటివాడికి ఎప్పుడూ మొదటి బొమ్మే వేసిన అనుభవం ఉంటుంది, రెండో బొమ్మ అనుభవం రాదు.

ఈ సిద్ధాంతానికి సిరిమాను కూడా తోడొచ్చింది. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. చింతమాను కొన కుర్చీలో పూజారి కూర్చుని, ఇసకేస్తే రాలని జనం మీదుగా ఆకాశంలో ఊగుతూ వెళ్తుంటే, ఎవరికైనా గియ్యాలనిపిస్తుంది. తెలిసినవాళ్ల మేడెక్కి కూర్చున్నాను. మాను దగ్గరకొచ్చే వేళకి నా పెన్సిలు ములుకు విరిగింది. చెక్కుకునేసరికి దాటిపోయింది. లోకంలో ఇంకే ఉత్సవమైనా అంతటితో సరి. మా అమ్మవారికి నాబోటివాళ్ల సంగతి తెలుసు కనక, గుడి దగ్గర్నించి కోట దాకా మాను మూడుసార్లు తిరుగుతుంది. రెండోసారి మాను వాలు దొరికింది. మూడోసారి పూజారి దొరికాడు. జనం మాత్రం దొరకలేదు. చుక్కలు పెట్టి ఊరుకున్నాను. మా ఆవిడ ఆ చుక్కలు చూసి "ఆవాలు చిందాయేటి?" అంది.

శ్రీకూర్మం వెళ్లినప్పుడు ఇంకో చోద్యం. అక్కడ స్వామి పడమటి మొహం, ధ్వజస్తంభాలు రెండు. గుళ్లో నక్షత్ర తాబేళ్లని పెంచుతారు. ప్రపంచంలో తాబేలు కన్నా నిదానంగా కూర్చునే మోడలు ఉండదనుకుని పుస్తకం తెరిచాను. నేను చూస్తున్నంతసేపూ రాయి. పెన్సిలు పెట్టగానే నడక. నేను దాని వెనక, దర్శనానికొచ్చినవాళ్లు నా వెనక. చివరికి దానిని వదిలేసి ప్రదక్షిణ మంటపంలోకి వెళ్లాను. అక్కడ గోడలమీద, స్తంభాలమీద పాత బొమ్మలున్నాయి. ఆకురంగులూ మట్టిరంగులూ అద్ది వేసినవి, ఒడిశా పటచిత్రాల చుట్టరికం కనిపించేవి. అక్కడక్కడ పెచ్చులూడిపోయాయి. ఎవరు వేశారో పేరు లేదు. ఒక్కసారి కళ్లు చూడండి. కృష్ణుడికీ అదే కన్ను, గోపికకీ అదే, పక్కనున్న ఆవుకీ ఇంచుమించు అదే. ఒకే ఒంపుని ఆ మనిషి ఎన్ని వందలసార్లు వేశాడో! కొన్నిచోట్ల వంకర పోయింది. ఒకచోట గోపిక కంటికి మరీ పెద్దగుడ్డు పడింది. దిద్దకుండా పక్క గోపిక దగ్గరికి వెళ్లిపోయాడు. నేనైతే అక్కడే నెల్లాళ్లు కూర్చుని గోడకి చిల్లు పెట్టేవాణ్ణి.

మా ఆవిడ ప్రసాదం పట్టుకుని అరగంట నిలబడి, "దేవుణ్ణి చూడ్డానికి క్షణం పట్టలేదు మీకు, గోడ చూడ్డానికి ఇంతసేపేటి?" అని కేకలేసింది. ఆ రాత్రి శ్రీకాకుళంలో మా అన్నయ్య వాళ్లింట్లో ఒక శుభలేఖ నిండా ఆ కన్నే వేశాను. అన్నయ్య చూసి "దిష్టి తియ్యడానికా?" అన్నాడు.

ఇంతకీ నా బొమ్మ ఎదిగిందా అని అడిగితే చెప్పడం కష్టం. ఎదుగుదల వేసేవాడికి కనిపించదు. పాత బొమ్మలు చూసి సిగ్గుపడటం మొదలైతే అదే గుర్తని కొందరంటారు. ఆ లెక్కన నేను చాలా ఎదిగాను, ఎందుకంటే పొద్దున్న వేసినది చూసి సాయంత్రమే సిగ్గుపడుతున్నాను. మా విజయనగరంలో చిత్రకారులు అంట్యాకుల పైడిరాజుగారు ఉండేవారు. మద్రాసు వెళ్లి దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర నేర్చుకుని, ఈ ఊళ్లో బడి పెట్టి ఎందరికో బొమ్మలు నేర్పారు. అటువంటివారు నడిచిన వీధుల్లో బీరువాలు గీస్తున్నానన్న స్పృహ నాకుంది. కానీ ఒకటుంది. ఆ మధ్య ఏదో కోపంలో వారం రోజులు బొమ్మల జోలికి వెళ్లలేదు. వరండాలో ఈజిలు నిండా తువ్వాళ్లే. ఎనిమిదోరోజు పొద్దున్న మా ఆవిడ కాఫీ ఇస్తూ, "ఏటండీ, ఒంట్లో బాగులేదేటి? బజారు బల్లకి ఎల్లడం మానీసారు" అంది. టీకొట్టాయన కూడా కూరలబజారులో కనిపించి అడిగాడట. ఎవరూ నా బొమ్మ చూడలేదే అని నేను ఏడుస్తుంటే, బొమ్మ వెయ్యని నన్ను చూసినవాళ్లు మాత్రం ఇద్దరున్నారు. ఆ వేళే వెళ్లాను. గడియారం ఈసారి నిలువుగా కుదిరింది. ముళ్లు పెట్టడం మరిచిపోయాను.

పోయిన నెలలో మాత్రం మా ఇంట్లో పెద్ద రగడయింది. పాల లెక్క వెనక నేను వేసిన వాటిలో ఒకటి పెద్దచెరువు గట్టు మీద గేదె. పొద్దున్నే నడకకెళ్లినప్పుడు చూసి, ఇంటికొచ్చి గుర్తున్నంత మేరకి వేశాను. వెన్నెముక దగ్గర నలుపులో నీలం కలపాలని తట్టడం వల్ల చర్మం తడి ఆరని తళుకు వచ్చింది. మా అమ్మాయి వచ్చినప్పుడు చూసి ముచ్చటపడి ఫ్రేము కట్టించింది. ముందు గదిలో తగిలించాం. వెనక పాల లెక్క ఉన్న సంగతి అందరం మరిచిపోయాం, ఒక్క పాలవాడు తప్ప.

"అమ్మా, ఆ నెల్లో మూడు అరలీటర్లు మీరు రాసుకోనేదు. బాకీ ఉండిపోనాది," అన్నాడతను గుమ్మంలో.

"నేను రాసీసాను. కాగితం ఉంది," అంది మా ఆవిడ.

"అయితే సూపించండమ్మా."

కాగితం గోడ మీద, అద్దం కింద, గేదె వెనక ఉంది. నేను వద్దంటున్నా వినకుండా ఫ్రేము దింపింది. స్క్రూడ్రైవరు తెచ్చి మేకులు పీకింది. అట్ట తీసింది. లెక్క బయటపడింది. వేలు పెట్టి తేదీలన్నీ చదివింది. మూడు నాగాలూ అందులో స్పష్టంగా ఉన్నాయి. పాలవాడు వినలేదు. కాగితాన్ని చేతిలోకి తీసుకుని ఇటు తిప్పాడు. తిప్పి ఆగిపోయాడు.

"ఓలమ్మ! ఇది మా గేదే కదేటి?"

నేను కుర్చీలోంచి లేచాను.

"ఎడం కొమ్ము సూడండి బావూ, కిందకి ఒంగిపోనాది. మా దానికే అలగుంటాది. సిన్నప్పుడు కట్టుగొయ్యికి కొట్టుకుని ఒంగిపోనాది. ఇదెవులు ఏసినారు? మీరే?"

నేనేనన్నాను. ఇంకో మాట రాలేదు. అతను కాగితాన్ని దూరంగా పట్టి, దగ్గరగా పట్టి, ఇంటికి తీసుకెళ్లి పిల్లలకి చూపించి తెస్తానన్నాడు. ఇచ్చెయ్యబోయాను.

మా ఆవిడ మధ్యలో చెయ్యి అడ్డం పెట్టింది. "పట్టుకెళ్లు గానీ, ముందు ఆ మూడు అరలీటర్ల సంగతి తేల్చు."

"అయ్యి ఇవ్వాలి కదమ్మా," అన్నాడు, గేదె మీంచి కళ్లు తిప్పకుండా.